రాతినార నుంచి నానోట్యూబు దాకా: కొలతల వారీగా వేరుచేసే విద్య

ప్రయోగశాలలో తయారయ్యే నానోట్యూబుల పొడిని ఒకే పదార్థంగా లెక్కించడం అలవాటుగా మారినప్పటికీ, రసాయనశాస్త్ర దృష్టిలో దానిని పదార్థం అనడం కంటే గుంపు అనడమే సరైనది, ఎందుకంటే ఆ పొడిలో పొడవైన గొట్టాలు, పొట్టి గొట్టాలు, లావువి, సన్ననివి, గొట్టంగా చుట్టుకోకుండా పలకలుగానే మిగిలిపోయిన ముక్కలు, చర్యలో పాల్గొనని ముడి రసాయనాల రేణువులు అన్నీ కలిసే ఉంటాయి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. కొద్ది నానోమీటర్ల నుంచి నూటికి పైగా నానోమీటర్ల వరకు వ్యాసం కలిగి, లోపల బోలుగా ఉండే గొట్టాన్ని నానోట్యూబు అంటారు. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా కార్బన్ నానోట్యూబులను వర్ణించిన మరుసటి ఏడాదే, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రెషెఫ్ టెన్నె బృందం టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ కూడా అటువంటి బోలు నిర్మాణాలుగా చుట్టుకుంటుందని చూపింది. కార్బన్ ఆధారం కాని ఈ కుటుంబానికే అకర్బన నానోట్యూబులని పేరు.

కార్బన్ నానోట్యూబు విషయంలో పొర ఏ దిశలో చుట్టుకుందన్న దానిని బట్టి ఒక గొట్టం లోహంలా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, పక్కనున్న మరో గొట్టం అర్ధవాహకంగా ఉంటుంది. కనుక వాటిని ముందుగా విద్యుత్ స్వభావాన్ని బట్టి వేరుచేయవలసి వస్తుంది. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ గొట్టం ఏ దిశలో చుట్టుకున్నా అర్ధవాహకమే కాబట్టి ఆ చిక్కు ఇక్కడ లేదు. ఇక మిగిలేవి వ్యాసం, పొడవు, గోడ మందం. చూడడానికి ఇది సులభంగా తోచినా, అసలు కష్టం ఈ మూడింటిలోనే ఉంది, ముఖ్యంగా పొడవులో.

ఈ కష్టాన్ని అర్థం చేసుకోవడానికి హైదరాబాద్‌లో తార్నాక కూడలి నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు సాగే రోడ్డు, దాని పక్కనే విస్తరించిన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం తగిన చోటు. 1944లో నిజాం పాలనలో పారిశ్రామిక పరిశోధనల కోసం కేంద్ర ప్రయోగశాలలుగా మొదలై, 1956లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) కిందకు రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీగా వచ్చి, 1989లో ఐఐసీటీగా పేరు మార్చుకున్న రసాయన సంస్థ అక్కడే ఉంది. ఆ సంస్థ ఆవరణలోనే 1977లో పుట్టిన కణజీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, 1961లో ఏర్పడిన భూభౌతిక సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనో మెట్రోలో ఒకటి రెండు స్టేషన్ల దూరంలోనో ఉన్నాయి. నానోట్యూబుల వర్గీకరణ ఏ ఒక్క శాఖకూ చెందిన పని కాదు: గొట్టం పుట్టుక ఖనిజశాస్త్రానికి, దాని శుభ్రత రసాయనశాస్త్రానికి, దానిని వేరుచేసే యంత్రాలు జీవశాస్త్రానికి, దాని హానిని తేల్చడం విషవిజ్ఞానానికి సంబంధించినవి, ఆ శాస్త్రాలన్నీ ఈ ఒక్క రోడ్డు మీద ఇరుగుపొరుగుగా ఉండడం గమనించదగ్గది.

ప్రకృతి కూడా అకర్బన నానోట్యూబులను తయారుచేస్తుందన్న సంగతి తెలుగు నేలకు కొత్తది కాదు, అయితే ఆ పేరుతో దానిని ఎవరూ పిలవలేదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో వేంపల్లె శిలాశ్రేణికి చెందిన డోలమైటు సున్నపురాయిలోకి సుమారు 188 కోట్ల సంవత్సరాల కిందట కరిగిన శిలాద్రవం చొచ్చుకువచ్చి పలకలుగా గడ్డకట్టింది. ఆ వేడికి, వేడినీటికి డోలమైటులోని మెగ్నీషియం, సిలికాతో కలిసి సర్పెంటైన్ అనే ఖనిజంగా మారి, పగుళ్లలో పట్టుదారాల వంటి పోగులుగా పెరిగింది. తెలుగులో రాతినార అనే ఆ పోగులే క్రిసోటైల్ ఆస్బెస్టాస్. ఒక్కొక్క పోగును విప్పుకుంటూ పోతే చివరికి మిగిలే తంతువు వ్యాసం 25 నుంచి 30 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, దాని నడుమ ఏడెనిమిది నానోమీటర్ల బోలు ఉంటుంది. అంటే అది అన్ని విధాలా అకర్బన నానోట్యూబే.

అది గొట్టంగా ఎందుకు చుట్టుకుంటుందన్న ప్రశ్నకు సమాధానం పొరల అమరికలో ఉంది. క్రిసోటైల్ పలకలో ఒకవైపు సిలికా పొర, మరొకవైపు మెగ్నీషియం హైడ్రాక్సైడ్ పొర అతుక్కుని ఉంటాయి. సహజంగా మెగ్నీషియం పొర కొంచెం వెడల్పు, సిలికా పొర కొంచెం ఇరుకు కాబట్టి రెండూ కలిసి సమతలంగా ఉండలేక, వెడల్పు పొర బయటకు వచ్చేలా పలక వంగుతుంది. రెండు ముఖాలూ ఒకే తీరుగా లేని పొరలు వంగడానికి మొగ్గుతాయని 1930లో లైనస్ పాలింగ్ సూచించాడు. 1950లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలు క్రిసోటైల్ గొట్టాలను కళ్ళకు కట్టించాయి. బంకమన్ను జాతికి చెందిన హాలోయ్‌సైట్ అనే మరో సహజ గొట్టంలో ఈ అమరిక తిరగబడుతుంది: అక్కడ అల్యూమినియం పొర ఇరుకు, సిలికా పొర వెడల్పు, కనుక సిలికాయే బయటకు వస్తుంది. శుద్ధి చేసే వేళ ఈ తేడా ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

నానోట్యూబులను పొడవును బట్టి వేరుచేసే పని పెద్ద ఎత్తున జరిగిన మొదటి చోటు రాతినార పరిశ్రమే అనడం అతిశయోక్తి కాదు. రాయిని చితక్కొట్టి, జల్లెడల మీద ఆడించి, విడిపోయిన నారను గాలితో పీల్చి, మళ్ళీ జల్లెడ పట్టి తరగతులుగా విభజించేవారు. కెనడాలోని క్యుబెక్ గనుల్లో స్థిరపడిన ప్రమాణం ప్రకారం ముప్పాతిక అంగుళానికి తగ్గని నార మొదటి తరగతి, ఆపైన ముప్పాతిక నుంచి మూడు ఎనిమిదవ వంతుల అంగుళం వరకు ఉన్నది రెండో తరగతి, అక్కడి నుంచి మిల్లు జల్లెడల లెక్కన కింది తరగతులు వచ్చేవి. పొడవైన నార వడికి నేయడానికి, పొట్టి నార సిమెంటు రేకులకు పోయేది. పొడవు మారితే ధర, వాడకం రెండూ మారిపోయేవి గాని, ఆ జల్లెడలు వేరుచేసినవి విడి గొట్టాలను కావు, లక్షలాది గొట్టాలు అతుక్కున్న కట్టలను. విడి గొట్టం స్థాయిలో అదే పని చేయాలంటే జల్లెడకు ఆ శక్తి లేదు, దాని స్థానంలో ద్రవాన్ని, విద్యుదావేశాన్ని, వేగాన్ని ఆశ్రయించవలసిందే.

విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు అందుబాటులో ఉన్న గొట్టాల తయారీలో అతి సులభమైనది 1998లో జపాన్‌కు చెందిన కసుగా బృందం ప్రకటించిన టైటానియం డయాక్సైడ్ పద్ధతి. తెల్ల రంగులకు వాడే ఆ పొడిని లీటరుకు పది మోల్‌ల గాఢత గల కాస్టిక్ సోడా ద్రావణంలో, టెఫ్లాన్ తొడుగు ఉన్న ఉక్కు పాత్రలో బిగించి, సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇరవై గంటలు ఉంచితే తెల్లని ముద్ద మిగులుతుంది. దానిని నీటితోనూ, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోనూ పదేపదే కడుగుతారు. ప్రతిసారీ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన నీటిని వంచి, లిట్మస్ రంగు మారనంత వరకు కడిగితే, చివరికి సుమారు ఎనిమిది నానోమీటర్ల వ్యాసం, వంద నానోమీటర్ల పొడవు గల గొట్టాలు చేతికి వస్తాయి. ఈ కడుగుడును కేవలం శుభ్రం చేయడంగా చూడకూడదు. గొట్టాలు ఏర్పడేది ఆమ్లంతో కడిగే దశలోనేనని కసుగా బృందం భావించగా, క్షారంలో ఉన్నప్పుడే అవి ఏర్పడతాయని తరువాతి పరిశోధకులు వాదించారు. ఏది ఏమైనా గోడల పొరల మధ్య సోడియం ఎంత మిగిలింది, హైడ్రోజన్ ఎంత చేరింది అన్నది ఆ కడుగుడే నిర్ణయిస్తుంది కాబట్టి, శుద్ధి ఎక్కడ మొదలై తయారీ ఎక్కడ ముగిసిందో గీత గీసి చెప్పడం సాధ్యం కాదు.

టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ దారి వేరు. ముందుగా టంగ్‌స్టన్ ఆక్సైడ్ సన్నని సూదులుగా పెరుగుతుంది. 800 డిగ్రీలు దాటిన వేడిలో హైడ్రోజన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు ఆ సూదిని బయటి నుంచి లోపలికి సల్ఫైడ్‌గా మారుస్తూ పోగా నడుమ బోలు మిగులుతుంది. గొట్టం వ్యాసం తల్లి సూది వ్యాసాన్ని అనుసరిస్తుంది గనుక, సూదులు ఎగుడుదిగుడుగా ఉంటే గొట్టాలూ అలాగే ఉంటాయి. వాటితోపాటు గుండ్రని బోలు రేణువులు, చదునైన పలకలు, మారకుండా మిగిలిన ఆక్సైడ్ కూడా చేరతాయి.

వేరుచేయడానికి మొదటి మెట్టు గొట్టాలను ఒకదానికొకటి అంటకుండా నీటిలో నిలపడం. ఈ దశలో పొరల అమరిక మళ్ళీ ముందుకు వస్తుంది. క్రిసోటైల్ బయటి ముఖం మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కాబట్టి మామూలు నీటిలో దానికి ధనావేశం ఉంటుంది, హాలోయ్‌సైట్ బయటి ముఖం సిలికా కాబట్టి రుణావేశం ఉంటుంది. అందువల్ల మొదటిదానికి రుణావేశం గల సబ్బు జాతి రసాయనాలు పొరగా పట్టుకుని పనికివస్తాయి, రెండోదానికి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వంటివి రుణావేశాన్ని ఇంకా పెంచి విడగొడతాయి. కట్టలు విప్పడానికి అతిధ్వని తరంగాలను వాడడం పరిపాటి అయినా, ఆ తరంగాలు గొట్టాలను విరుస్తాయన్నది మరువరాని సంగతి. పొడవును బట్టి వేరుచేయబోయేవారు విడదీసే తొందరలో పొడవునే పోగొట్టుకునే ప్రమాదం ఉంది, కాబట్టి తరంగాల బలం, ఎంతసేపు పంపారన్నది రాసి పెట్టని ప్రయోగ ఫలితానికి విలువ ఇవ్వలేము.

తరువాతిది తేర్చడం. స్టోక్స్ సూత్రం ప్రకారం ద్రవంలో దిగే రేణువు వేగం దాని వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. వ్యవసాయ ప్రయోగశాలల్లో మట్టిరేణువుల పరిమాణాలను తేల్చే పద్ధతి దీని మీదనే ఆధారపడింది: 20 డిగ్రీల నీటిలో రెండు మైక్రోమీటర్ల, అంటే రెండువేల నానోమీటర్ల, మట్టిరేణువు పది సెంటీమీటర్లు దిగడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. అదే రేణువు వంద నానోమీటర్లదైతే వ్యాసం ఇరవయ్యో వంతు అవుతుంది, సమయం నాలుగు వందల రెట్లు పెరిగి 3,200 గంటలకు, అంటే నాలుగు నెలలకు పైగా చేరుతుంది. నీటి అణువుల తాకిడికి అది నిరంతరం కదులుతూ ఉంటుంది గనుక ఆ నాలుగు నెలల్లోనూ నిజంగా అడుగుకు చేరుతుందన్న భరోసా లేదు. భూమి ఆకర్షణకు వెయ్యి రెట్ల బలాన్ని సెంట్రిఫ్యూజ్ కలిగిస్తే ఆ పని మూడు గంటల పైచిలుకులో ముగుస్తుంది. ఇసుక రేణువులు, క్వార్ట్జ్ వంటి పెద్ద మలినాలను ముందు నెమ్మదిగా తిప్పి అడుగున దించి, పైనీటిని తీసి మరింత వేగంతో తిప్పడం ద్వారా హాలోయ్‌సైట్ వంటి సహజ గొట్టాలను శుభ్రం చేస్తారు.

ఇంతవరకు గోళాకార రేణువుల లెక్క. గొట్టం దగ్గరకు వచ్చేసరికి లెక్క మారుతుంది. ఒకే వ్యాసం, ఒకే గోడ గల రెండు గొట్టాలలో ఒకటి తన వ్యాసానికి పదిరెట్లు, మరొకటి వందరెట్లు పొడవుంటే, పొడవైన గొట్టం బరువు పదింతలున్నా నీటి అడ్డు కూడా బాగా పెరుగుతుంది గనుక, అది దిగే వేగం రెండింతలకు కూడా చేరదు. పొడవు అంతే ఉండి, గోడకూ బోలుకూ మధ్య నిష్పత్తి మారకుండా వ్యాసం రెట్టింపైతే మాత్రం వేగం మూడింతలు దాటుతుంది. అందువల్ల సెంట్రిఫ్యూజ్ ప్రధానంగా వ్యాసాన్ని చూస్తుంది, పొడవును చూసీచూడనట్టు వదిలేస్తుంది. చేటతో చెరిగితే పొట్టు, గింజ వేరవుతాయి గాని పొడుగు గింజ, పొట్టి గింజ వేరుకానట్టే ఇదీను. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పిన నమూనాను పొడవు వారీగా వేరుచేశామని చెప్పుకునే నివేదికలను ఈ కారణం చేత జాగ్రత్తగా చదవాలి.

జీవశాస్త్రం నుంచి వచ్చిన మరొక పద్ధతి సాంద్రతా సోపానం. 1958లో మెసెల్సన్, స్టాల్ సీజియం క్లోరైడ్ ద్రావణంలో డీఎన్ఏను అతివేగంగా తిప్పి, తేలికపాటి నత్రజని, బరువైన నత్రజని ఉన్న అణువులను వేర్వేరు పట్టీలుగా నిలిపారు. ప్రతి అణువూ తన సాంద్రతకు సరిపోయే ఎత్తులో ఆగిపోతుంది. సీసీఎంబీ వంటి సంస్థల పరిశోధనకు పునాదిగా నిలిచిన ఈ ఉపాయాన్నే 2005, 2006లలో అమెరికాలో ఆర్నల్డ్, హెర్సమ్ బృందం కార్బన్ నానోట్యూబులకు విజయవంతంగా అన్వయించింది. అకర్బన గొట్టాలకు దీనిని యథాతథంగా తేవడం కుదరదు. సీజియం క్లోరైడ్ ద్రావణం ఎంత చిక్కబరచినా ఘన సెంటీమీటరుకు రెండు గ్రాముల సాంద్రతకు చేరదు, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ సాంద్రత ఏడున్నర, హాలోయ్‌సైట్‌ది సుమారు రెండున్నర. గొట్టం ఆగగల ఎత్తు అసలు ఆ ద్రవంలో లేనే లేదు. కాబట్టి సోపానాన్ని ఆపడానికి కాక దారిని నెమ్మదిపరచడానికి వాడతారు: పైన పలుచని పట్టీగా గొట్టాలను పోసి, అవి వేర్వేరు వేగాలతో దిగుతుండగా, అడుగుకు చేరకముందే యంత్రాన్ని ఆపి, పొరలు పొరలుగా తీసుకుంటారు. ఆపవలసిన క్షణం ఏదన్నదే ఇందులోని నేర్పు.

ఇమోగొలైట్ అనే గొట్టం వ్యాసానికి సంబంధించిన బాధే లేకుండా చేస్తుంది. 1962లో జపాన్‌లోని అగ్నిపర్వత బూడిద నేలల్లో వర్ణితమైన ఈ అల్యూమినియం సిలికేట్ గొట్టం వ్యాసం రెండు నానోమీటర్ల పైచిలుకే, ఆ వ్యాసాన్ని రసాయన కూర్పే నిర్ణయిస్తుంది గనుక గొట్టానికీ గొట్టానికీ దాదాపు తేడా ఉండదు. కృత్రిమంగా తయారుచేసినప్పుడు అమోనియా కలిపితే అది జిగటముద్దగా విడిపోతుంది, ఆమ్లం కలిపితే తిరిగి నీటిలో కలుస్తుంది. మిగిలిన లవణాలను పలుచని పొర సంచిలో పోసి స్వచ్ఛమైన నీటిలో రోజుల తరబడి నానబెట్టి తొలగిస్తారు. ఇంత సుగుణం ఉన్న ఇమోగొలైట్‌లో కూడా పొడవులు మాత్రం చెదిరే ఉంటాయి.

పొడవుకు పనికివచ్చే దారులు మూడు కనిపిస్తున్నాయి. రంధ్రాలున్న గాజు లేదా సిలికా రేణువులతో నింపిన స్తంభం గుండా గొట్టాలను పంపితే, పొట్టివి రంధ్రాల్లో తిరిగి ఆలస్యంగా, పొడవైనవి నేరుగా ముందుగా బయటపడతాయి. రసాయన పరిశోధనశాలల్లో నిత్యం నడిచే క్రొమటోగ్రఫీకి ఇది దగ్గరి చుట్టం. 1966లో గిడ్డింగ్స్ ప్రతిపాదించిన రెండో పద్ధతిలో సన్నని కాలువలో ద్రవం ప్రవహిస్తుండగా అడ్డంగా మరో ఒత్తిడి రేణువులను గోడవైపు నెడుతుంది. చిన్నవి నీటి అణువుల తాకిడికి ప్రవాహం నడుమకు తిరిగి వచ్చి ముందుగా కొట్టుకుపోతాయి.

మూడోది అన్నింటికంటే సరళమైనది, అన్నింటికంటే ఆశాజనకమైనది కూడా. నీటిలో నిలిచిన గొట్టాలకు పాలీఇథిలీన్ గ్లైకాల్ వంటి పాలిమర్ కలిపితే, ఉండలుగా చుట్టుకున్న ఆ పాలిమర్ అణువులు పక్కపక్కనున్న రెండు గొట్టాల సందులోకి దూరలేవు, చుట్టూ మాత్రం నిండి ఉంటాయి. ఆ ఒత్తిడి తేడా గొట్టాలను ఒకదానికొకటి అదుముతుంది. ఆనుకునే పక్కభాగం ఎంత ఎక్కువైతే అదుము అంత బలం కాబట్టి, కొద్దిపాటి పాలిమర్‌కే పొడవైన గొట్టాలు ముందు అడుగుకు దిగుతాయి, మోతాదు పెంచుతూ పోతే క్రమంగా పొట్టివి దిగుతాయి. డీఎన్ఏ ముక్కలను ఇదే రసాయనంతో పొడవు వారీగా దించవచ్చని 1975లో లిస్, ష్లైఫ్ చూపించారు. కార్బన్ నానోట్యూబుల మీద ఈ దారి తరువాత స్థిరపడింది. సూత్రం ఆకారానికి సంబంధించినదే తప్ప కూర్పుకు సంబంధించినది కాదు గనుక అకర్బన గొట్టాలకూ అది వర్తించాలి.

వేరుచేసినది నిజంగా వేరైందా అని తేల్చడానికి దగ్గరి దారి లేదు. కాంతిని చిందింపజేసి పరిమాణం చెప్పే యంత్రాలు రేణువును గోళంగా ఊహించి ఒకే సంఖ్య ఇస్తాయి, ఆ సంఖ్య గొట్టం పొడవూ కాదు వ్యాసమూ కాదు. మూడు మిల్లీమీటర్ల రాగి జాలీ మీద ఒక చుక్కను ఆరబెట్టి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వందలాది గొట్టాలను ఒక్కొక్కటిగా కొలిచి, చెదరింపు పటం గీయడమే నమ్మదగిన పద్ధతి. ఓపికతో కూడిన ఈ పనిని పరిశోధక విద్యార్థి చేతిలో పెట్టి తేలికగా చూడడం ఎక్కడ జరిగినా అన్యాయమే.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు రాతినారే బరువైన జవాబు. క్రిసోటైల్‌తో సహా ఆస్బెస్టాస్ రకాలన్నీ మనుషుల్లో క్యాన్సర్ కారకాలుగా నిర్ధారితమయ్యాయి. ఊపిరితిత్తుల్లో చేరిన పోగును రక్షక కణం మింగబోయినప్పుడు, పోగు కణం కంటే పొడవైతే మింగలేక కణమే దెబ్బతిని వాపు కొనసాగుతుంది. 2008లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద జరిపిన ప్రయోగంలో పొడవైన కార్బన్ నానోట్యూబులు ఆస్బెస్టాస్ లాంటి వాపును కలిగించగా, పొట్టివి, ఉండచుట్టుకున్నవి కలిగించలేదు. పనిస్థలాల గాలిలో పోగులను లెక్కించే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ఐదు మైక్రోమీటర్లకు మించిన పొడవు, మూడు మైక్రోమీటర్లకు లోపు వ్యాసం, వ్యాసానికి మూడు రెట్లు మించిన పొడవు ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. అయితే ఆ లెక్కకు వాడే మామూలు కాంతి మైక్రోస్కోప్‌కు విడి క్రిసోటైల్ గొట్టం అసలు కనిపించదు. తార్నాకలోనే ఐఐసీటీ విషవిజ్ఞాన విభాగం 2009లో ప్రచురించిన అధ్యయనంలో 30, 40 నానోమీటర్ల అల్యూమినియం ఆక్సైడ్ రేణువులనూ, అదే రసాయనపు మామూలు పొడినీ ఎలుకలకు ఇచ్చి రక్తకణాల్లోని జన్యుపదార్థాన్ని పరీక్షించగా, నానో రేణువుల వల్ల మోతాదుతోపాటు నష్టం పెరిగింది, మామూలు పొడి వల్ల చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కూర్పు ఒకటే, కొలత వేరు.

గొట్టాల విషయంలో ఇదే పరీక్ష జరగాలంటే ఒకే విడత తయారీ నుంచి పొడవైన భాగం, పొట్టి భాగం విడిగా కావాలి, రెండింటిలోనూ ఇనుము వంటి మలినాలు సమానంగా తగ్గి ఉండాలి, అదీ గ్రాముల కొలదిగా దొరకాలి. స్తంభం, కాలువ పద్ధతులు మిల్లీగ్రాములకు మించి ఇవ్వడం కష్టం. పాలిమర్ పద్ధతి బీకరులోనే సాగుతుంది గనుక ఎక్కువ మొత్తానికి అనువైనది, అయితే గొట్టాల మీద మిగిలిపోయే పాలిమర్ జీవకణాలను తనంతట తానే ప్రభావితం చేయవచ్చు. కాబట్టి వేరుచేసిన గొట్టాలను పదేపదే కడిగి, చివరిసారి కడిగిన నీటిని గొట్టాలు లేకుండా విడిగా అవే కణాల మీద పరీక్షించి, ఆ ఫలితాన్ని గొట్టాల ఫలితం పక్కన పెట్టి చూడవలసి ఉంటుంది.